పన్నెండు కుటుంబాలు, మూడు పులిహోరలు

టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. క్లుప్తంగా ఇదీ విషయం.

వాళ్లది పన్నెండు తెలుగు కుటుంబాల గుంపు. పండగకొకరి ఇంట్లో పాట్‌లక్ (ఇంటికో వంటకం తెచ్చుకుని కలిసి తినే విందు) పెట్టుకుంటారు. ఈసారి సంక్రాంతి ఈమె వంతు. పండగ వారం మధ్యలో వస్తోంది కాబట్టి ఆ తర్వాతి శనివారం అందరూ వస్తారు. పెద్దవాళ్లు 26 మంది, పిల్లలు 16 మంది. గత దీపావళి ఇంకొకరి ఇంట్లో జరిగింది. ఆ రోజు బల్ల మీద మూడు పులిహోరలు, రెండు ఛోలేలు, నాలుగు స్వీట్లు ఉన్నాయి గానీ పప్పు లేదు. చివర్లో తిన్న ఆడవాళ్లకు తెల్లన్నం కూడా మిగల్లేదు. ఆ రాత్రి ఒక ఇంట్లో ముగ్గురికి వాంతులయ్యాయి. ఎవరో ఫలానావాళ్ల ఫ్రైడ్ రైస్ వల్లే అన్నారు. ఆ మాట వాళ్ల చెవిన పడింది, అప్పట్నుంచి వాళ్లు ముభావంగా ఉంటున్నారు.

ఇవి చాలవన్నట్టు ఇంకొన్ని. ఈమె బాగా వండుతుందని ప్రతిసారీ బిర్యానీ ఈమె మీదే పడుతుంది. ఓ రెండు కుటుంబాలు ఎప్పుడూ కూల్‌డ్రింకులు, పేపర్ ప్లేట్లతో సరిపెట్టేస్తాయి. అందరూ ‘అక్క’ అని పిలిచే పెద్దావిడ ఒకరు ఎవరికి ఏం పంచినా తనకు తోచిందే వండుకొస్తారు. ఒక పిల్లాడికి జీడిపప్పు పడదు. తెనాలి నుంచి అత్తగారు ఆరు నెలలకు వచ్చారు. బొమ్మల కొలువు పెట్టిన ఇంట్లో మాంసం వద్దని ఆవిడ మాట. కనుమ అన్నాక కోడి పలావ్ లేకపోతే ఎలా అని మగవాళ్ల గొడవ. ‘ఈ తలనొప్పంతా ఎందుకు, క్యాటరింగ్‌కి చెప్పేసి తలా ఇంత వేసుకుందాం’ అంటారు భర్త. ‘ఆయన మాట వినాలా? పాట్‌లకే పెడితే అక్కకి, ఆ ఫ్రైడ్ రైస్ వాళ్లకి, అత్తయ్యగారికి ఎవరికి ఏం చెప్పాలి?’ అన్నది ఈమె ప్రశ్న.

మీ ఉత్తరంలో ఆరు సమస్యలు ఉన్నట్టు కనిపిస్తున్నాయి గానీ, నాలుగింటికి వేరు ఒక్కటే: ఎవరు ఏం తేవాలో, ఎంత తేవాలో ముందు ఎవరూ చెప్పలేదు. మిగిలినవి రెండు, అత్తగారి మాట, ఆ కుటుంబంతో వచ్చిన ఎడం. ఆ రెండూ జాబితాతో తీరేవి కావు, మనిషితో మాట్లాడాల్సినవి. వాటిని వేరుగా చూద్దాం.

ముందు మీవారి మాట. క్యాటరింగ్ తప్పేం కాదు. 42 మందికి మీరు ఒక్కరే వండటం కంటే వెయ్యిరెట్లు నయం. కాకపోతే ఏం జరుగుతుందో తెలిసి ఒప్పుకోండి. దుకాణంవాళ్లు ఫుల్ ట్రే పాతిక మందికి వస్తుందంటే, ఆ పూట వేరే అన్నమేదీ లేకపోతే అని అర్థం. బల్ల మీద నాలుగు రకాలుంటే అది అంతకంటే ఎక్కువ మందికే సరిపోతుంది. ఆ సంగతి తెలియక మూడు ఫుల్ ట్రేలు చెప్పేసి రెండు వారాలు ఫ్రీజర్‌లో బిర్యానీ పెట్టుకుంటారు. డబ్బు పంచుకోవడం దగ్గర ఇంకో చిక్కుంది. ఇద్దరే ఉన్న ఇల్లూ, ఐదుగురున్న ఇల్లూ సమానంగా వేసుకుంటే ఒకరికి గుచ్చుకుంటుంది. తలల లెక్కన వేస్తే రెండేళ్ల పిల్లాడికి కూడా డబ్బులా అని ఇంకొకరికి. పైగా ఏడాదంతా ఈ పండగ కోసం అరిసెల పాకం పట్టడం మర్చిపోకుండా చూసుకునే అక్కలాంటివాళ్లకి చేయడానికి ఏమీ ఉండదు. బయట తెప్పించాలనుకుంటే సగం తెప్పించండి. తినుబండారాలు, పిల్లల తిండి బయటివైనా ఎవరూ ఏమనుకోరు. పప్పు, పులుసు, పొంగలి మాత్రం ఇళ్లలోంచే రావాలి.

ఇక దీపావళికి మూడు పులిహోరలు ఎందుకొచ్చాయి? ఎవరూ బద్ధకస్తులు కాదు. పులిహోర పొద్దున్నే కలిపేయొచ్చు, కారులో ఒలకదు, చల్లారినా బాగుంటుంది, పిల్లలు తింటారు. ‘మీకు నచ్చింది రాయండి’ అని ఖాళీ జాబితా వదిలితే ప్రతి ఇల్లాలూ ఇదే లెక్క వేసుకుంటుంది. పప్పు మోసుకెళ్లడం ఎవరికి ఇష్టం? మూత ఊడితే కారంతా పప్పే. అందుకే ఒలికేవి, వేడిగా ఉండాల్సినవి, ఎక్కువ పరిమాణంలో కావాల్సినవి ఆ ఇంటివాళ్లే చేయాలి. మీ వంతు ఇంతే: తెల్లన్నం, ముద్దపప్పు, పెరుగు, నెయ్యి, ఆవకాయ. బిర్యానీ కాదు. ‘ఈసారి అన్నం, పప్పు, పెరుగు మావి’ అని మీరే ముందు ప్రకటిస్తే బిర్యానీ మీ మీదకు రాదు. పాట్‌లక్‌లో అన్నం అయిపోయి బల్ల ముందు గిన్నెలు గోకే పరిస్థితీ రాదు.

కొలతలు చెప్తాను. పెద్దవాళ్లకి మనిషికి 70 గ్రాముల బియ్యం, పిల్లలకి అందులో సగం వేసుకోండి. అన్నీ కలిపి సుమారు 2.4 కిలోలు. అందులో 600 గ్రాములు పులిహోరకి, 400 గ్రాములు చక్కెర పొంగలికి పోతే మీకు మిగిలేది 1.4 కిలోలు. ఇక్కడ చాలామంది తప్పు చేసేది కప్పు దగ్గర. రైస్ కుక్కర్‌తో వచ్చిన కప్పు 180 మిల్లీలీటర్లది, బియ్యం 150 గ్రాములే పడతాయి. వంటింట్లో వాడే అమెరికన్ కప్పు 240 మిల్లీలీటర్లది. ఏడు కప్పులని ఎవరో చెబితే కుక్కర్ కప్పుతో ఏడు పోస్తే అన్నం మూడొంతుల దగ్గరే ఆగిపోతుంది. కుక్కర్ కప్పుతో ఐదేసి చొప్పున రెండు వాయిలు పెట్టండి. మొదటి వాయి 12:10కి, రెండోది మొదటిది బల్ల మీదకు వెళ్లగానే. రెండో వాయికి బియ్యం కడిగి నానబెట్టి ఉంచుకుంటే బటన్ నొక్కడమే పని. కందిపప్పు 800 గ్రాములు చాలు. పెరుగుకి ఒక గాలన్ పాలు ముందురోజు రాత్రి తోడు పెట్టండి. జనవరి చలికి తోడుకోదు కాబట్టి ఓవెన్‌లో లైటు మాత్రం వేసి లోపల పెట్టండి, పొద్దుటికి గట్టిగా ఉంటుంది. ఓవెన్ తలుపు మీద కాగితం అంటించండి, పొద్దున్నే ఎవరో ఒకరు చూడకుండా ఓవెన్ వేడి చేస్తారు.

మిగిలిన పదకొండు ఇళ్లకి పదకొండు పనులు. పులిహోర ఒక్కటే ఇల్లు. గుమ్మడికాయ పులుసు ఒకరు. మన తీపి గుమ్మడి దొరక్కపోతే బటర్‌నట్ స్క్వాష్ సరిగ్గా సరిపోతుంది, తొక్క మాత్రం తీయాలి. గుత్తి వంకాయ ఒకరు, పిల్లలు ముట్టరు కాబట్టి నలభై కాయలు చాలు. చిక్కుడుకాయో బెండకాయో వేపుడు ఒకరు. పెరుగు గారెలు, చక్కెర పొంగలి, రోటి పచ్చడీ అప్పడాలూ తలా ఒకరు. పిల్లలకి కారం లేనిదేదైనా ఒకరు, రాగానే కొరకడానికి చిరుతిండి ఒకరు, అరిసెలు, సకినాలు, జంతికలు ఒకరు. పదకొండో ఇల్లు పళ్లేలు, ఐసు, మంచినీళ్లు, శుభ్రం చేయడం.

ఆ పదకొండో ఇంటి గురించి ఒక మాట. ప్లేట్లు తెచ్చేవాళ్లమీద అందరికీ గుర్రు ఎందుకంటే ఆ పని నిజంగానే పదినిమిషాల పని. దాన్ని పూర్తి పని చేయండి. 42 మందికి 65 పళ్లేలు, ఎందుకంటే పిల్లలు రెండేసి వాడతారు. రెండు పదేసి పౌండ్ల ఐసు సంచులు, నీళ్ల డబ్బాలు, పెద్ద చెత్త సంచులు, రెండు కూలర్లు, భోజనాలయ్యాక అరగంట ఇద్దరు మనుషులు. భార్యాభర్తలిద్దరూ. అలా చెప్తే అది తప్పించుకునే పని కాదు. వంట రానివాళ్లకి, ఇద్దరూ ఉద్యోగాలకి పరుగులెత్తేవాళ్లకి ఇది మర్యాదగా కూడా ఉంటుంది. ఆ ఇల్లు వచ్చే పండక్కి మారాలి, అంతే.

ప్రతి ఇంటికీ పరిమాణం చెప్పాలి, లేకపోతే ఒకరు నలుగురికి చేసుకొస్తారు, ఇంకొకరు వంద మందికి. మన దుకాణాల్లో దొరికే అల్యూమినియం హాఫ్ ట్రే సుమారు మూడు లీటర్లు పడుతుంది. పది రకాలున్న బల్ల మీద ఎవరైనా ఒక్కో కూర రెండు మూడు చెంచాలే వేసుకుంటారు. అంటే ఒక హాఫ్ ట్రే 42 మందికీ వస్తుంది. ‘ఒక హాఫ్ ట్రే, నిండుగా కాదు, అంచుకి అంగుళం కింద’ అని రాస్తే చాలు. పులుసు, పులిహోర, గోంగూర మాత్రం ఆ ట్రేలలో వద్దని చెప్పండి. చింతపండు పులుపు అల్యూమినియాన్ని తింటుంది. గంటలు గడిచేసరికి అడుగున చిన్న చిన్న గుంటలు, బూడిద రంగు, కూరకి లోహపు రుచి. స్టీలు గిన్నె కానీ స్లో కుక్కర్ పింగాణీ గిన్నె కానీ వాడమనండి.

చక్కెర పొంగలి తెచ్చేవాళ్లకి మీరే ఫోన్ చేసి రెండు విషయాలు చెప్పండి. ఇది దగ్గరుండి చూడాల్సిన వంటకం. 400 గ్రాముల బియ్యానికి 100 గ్రాముల పెసరపప్పు దోరగా వేయించి, రెండూ కలిపి మెత్తగా, మామూలు అన్నంకంటే జారుగా ఉడికించుకోవాలి. బెల్లం 700 గ్రాముల దాకా పడుతుంది. పాలు పోసి మరుగుతుండగా బెల్లం వేస్తే విరిగిపోతాయి. బెల్లాన్ని కొంచెం నీళ్లలో కరిగించి వడకట్టి, గిన్నె పొయ్యి మీంచి దింపి, ఆవిరి తగ్గాక కలపాలి. అంతకంటే ముఖ్యం, పొంగలి ఇంట్లో దింపినప్పుడు ఎలా ఉంటుందో మీ ఇంటికొచ్చేసరికి అలా ఉండదు. చల్లారే కొద్దీ బియ్యం నీటిని లాగేసుకుని గరిటె నిలబడేంత గట్టిపడుతుంది. అందుకని చెంచాలోంచి జారేంత పలుచగా దింపుకుని, ఇంకో చిన్న డబ్బాలో కప్పుడు వేడి పాలు, నాలుగు చెంచాల నెయ్యి విడిగా తెచ్చుకోవాలి. వడ్డించబోయే ముందు పోసి అడుగునుంచి ఒక్కసారి కలిపితే మళ్లీ మెత్తబడుతుంది. ఎండు కొబ్బరి, కిస్‌మిస్ వేయించి పైన. జీడిపప్పు వద్దు. ఎందుకో కింద చెప్తాను.

కనుమ రోజు మినుము తినాలంటారు కాబట్టి గారెలు కావాలని అందరూ అడుగుతారు. వేడి గారె పాట్‌లక్‌కి పనికిరాదు. మూత పెడితే ఆవిరికి మెత్తబడి రబ్బరులా సాగుతుంది, పెట్టకపోతే చల్లారి గట్టిపడుతుంది. మీ వంటింట్లో 42 మందికి గారెలు వేయడం మొదలుపెడితే పొగ అలారం మోగుతుంది. పెరుగు గారెలైతే ఆలస్యమయ్యే కొద్దీ బాగుంటాయి. 800 గ్రాముల మినప్పప్పుకి చిన్న గారెలు సుమారు 60 అవుతాయి. పెరుగు మూడు లీటర్లు. గారెల్ని నీళ్లలో ముంచి తీసి చేత్తో నొక్కి పెరుగులో వేయాలి, తాలింపు మీ ఇంటికొచ్చాక. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, కూలర్‌లో ఐసు మీద తేవాలి.

ఇప్పుడు ఆ వాంతుల సంగతి. ఫ్రైడ్ రైస్ వల్లే అని ఎవరూ నిరూపించలేరు. కానీ ఎలా జరిగి ఉండొచ్చో తెలుసుకోవాలి, ఎందుకంటే అది ఏ ఇంటివాళ్ల వంటైనా జరగొచ్చు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విత్తనాలు ఉండొచ్చు. ఉడికించినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా గంటలతరబడి ఉంటే మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాంతుల రకమైతే తిన్న గంట నుంచి ఆరు గంటల లోపల మొదలవుతుంది. చలికాలంలో నోరోవైరస్ కూడా ఇలాగే వాంతులు తెస్తుంది గానీ అది ఒంట్లోకి చేరాక బయటపడటానికి అరపూటనుంచి రెండు రోజులు పడుతుంది. ఆ ముగ్గురికీ బడినుంచి అంతకుముందే అంటుకుని ఉండొచ్చు. తేల్చి చెప్పగలిగింది ఒక్కటే: సాయంత్రం ఐదింటికి పెట్టిన ట్రే రాత్రి తొమ్మిది దాకా బల్ల మీదే ఉంటే, అది ఎవరు వండారన్నది ముఖ్యం కాదు.

అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క తేలికే. వేడివి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన, చల్లనివి 40 కింద ఉండాలి. ఆ మధ్యలో రెండు గంటలకు మించి ఉంటే పారేయాలి. ఇంట్లో ఎవరూ థర్మామీటర్ పట్టుకుని కూర్చోరు కాబట్టి పొయ్యి దింపిన సమయం నుంచే గడియారం మొదలైందనుకోండి. దానికి తగ్గట్టు పూటే మార్చుకోండి: సాయంత్రం కాదు, మధ్యాహ్నం. ఒంటిగంటకి భోజనం అంటే వంటకాలు 12:15కి రావాలి. మన వాళ్ల సమయపాలన మనకి తెలుసు. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే ఇంటికి స్వీటో అరిసెలో ఇవ్వండి, చిరుతిండి మాత్రం ఎప్పుడూ ఇవ్వొద్దు. దూరంనుంచి వచ్చేవాళ్లు వేడి గిన్నెని కూలర్‌లో తేవచ్చు. కూలర్‌లో వేడినీళ్లు పోసి పావుగంట మూసి ఉంచి, పారబోసి, తువ్వాలు పరిచి గిన్నె పెట్టి మూస్తే రెండు గంటలు పొగలు కక్కుతూనే ఉంటుంది.

మీ ఓవెన్‌ని 200 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పెట్టుకుంటే రెండు అరల మీద నాలుగు హాఫ్ ట్రేలు పడతాయి. అది వేడిగా ఉన్నవాటిని వేడిగా ఉంచడానికే. ఫ్రిజ్‌లోంచి తెచ్చిన చల్లని ట్రే అందులో పెడితే రెండు గంటలైనా గోరువెచ్చగానే ఉంటుంది, అదే అసలు ప్రమాదం. చల్లనివి 350లో ముప్పావుగంట, మధ్యలో 165 దాకా వేడెక్కాలి. ప్రతి ట్రేలో సగమే గిన్నెలోకి తీసి బల్ల మీద పెట్టండి, సగం ఓవెన్‌లోనో ఫ్రిజ్‌లోనో ఉండనివ్వండి. దీనికి ఇంకో లాభం ఉంది. అన్నం పారేస్తుంటే అత్తయ్యగారి ప్రాణం విలవిల్లాడుతుంది. బల్ల మీదిది తక్కువుంటే పారేసేది గుప్పెడే. లోపలున్నది నిశ్చింతగా డబ్బాల్లో సర్ది ఇవ్వొచ్చు. డబ్బాలు ఎవరివి వాళ్లే తెచ్చుకోమనండి, లేకపోతే మీ స్టీలు గిన్నెలు ఉగాది దాకా తిరిగి రావు.

కరెంటు గురించి ఒక్క ముక్క. వంటింటి గట్టు మీది ప్లగ్గులు సాధారణంగా 20 ఆంపియర్ల లైన్లు, అంటే ఒక్కోటి 2400 వాట్లు. ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు ప్రెషర్ కుక్కర్) 1000, ఎలక్ట్రిక్ కెటిల్ 1500. అవి రెండూ ఒకే లైన్ మీదుంటే బ్రేకర్ పడిపోవచ్చు. స్లో కుక్కర్లు రెండు మూడు వందల వాట్లే, వాటితో బాధలేదు. ముందురోజే ఏ ప్లగ్గు ఏ బ్రేకర్ మీదుందో చూసి పెట్టుకోండి.

జీడిపప్పు పడని పిల్లాడి విషయంలో చీటీలు రాసి పెట్టడం ఒక్కటే సరిపోదు. పొంగలి గరిటె గుత్తి వంకాయలోకి వెళ్లడానికి అర నిమిషం చాలు. మన వంటల్లో జీడిపప్పు ఎక్కువగా అలంకారమే. అందుకే ఆ రోజుకి అన్ని వంటకాల్లోంచీ తీసేయమని అడగండి. ఎవరికీ కష్టం కాదు. గుత్తి వంకాయ కూరలో గ్రేవీకి కూడా వేస్తారు, ఆ ఇంటికి విడిగా చెప్పండి. జీడిపప్పు పడనివాళ్లలో చాలామందికి పిస్తా కూడా పడదు, వాళ్ల అమ్మని అడగండి. వేరుశనగ, నువ్వులు పడతాయో లేదో కూడా అప్పుడే తెలుసుకోండి. సంక్రాంతికి నువ్వు లేని పిండివంట ఉండదు కదా. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి పాకెట్ల మీద నువ్వులు కూడా అలర్జీ పదార్థంగా రాయాల్సిందే, కాబట్టి కొన్నవాటికి చదువుకోవచ్చు. అందరూ మర్చిపోయేది ఏమిటంటే, ఊరికే చేతులూపుకుంటూ రావడం బాగోదని అతిథులు తెచ్చే మిఠాయి పెట్టెలు. వాటిలో నూటికి తొంభై కాజూ కత్లీలే. తీసుకుని, థాంక్స్ చెప్పి, విప్పకుండా పైన బీరువాలో పెట్టేయండి. పిల్లాడి పళ్లెం వరస మొదలుకాకముందే వాళ్లమ్మ చేత పెట్టించండి. గోధుమ పడనివాళ్లెవరైనా ఉంటే దుకాణంలో కొనే ఇంగువలో ఎక్కువగా మైదా కలుస్తుందన్న సంగతి పులిహోరవాళ్లకి చెప్పాలి.

ఇప్పుడు కోడి పలావ్. ఇక్కడ మీకు మూడు దారులున్నాయి. ఏ దారికైనా ముందు అత్తయ్యగారినే అడగండి, మీవారి ద్వారా కాకుండా మీరే, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని. ‘అత్తయ్యా, ఇంట్లో వండకూడదా, కొలువున్న గదిలోకి రాకూడదా, అసలు గడప దాటి రాకూడదా?’ అని విడదీసి అడగండి. చాలాసార్లు పెద్దవాళ్ల అభ్యంతరం మనం అనుకున్నంత పెద్దది కాదు. ఒక్కోసారి మనం అనుకున్నదానికంటే పెద్దది. రెండూ ముందే తెలియాలి.

పూర్తిగా శాకాహారం పెడితే మీ ఇంట్లో ప్రశాంతం. మగవాళ్లు ఇద్దరు ముగ్గురు గొణుగుతారు, ఒంటిగంటకి పప్పన్నం నెయ్యి కలుపుకున్నాక మర్చిపోతారు. కాకపోతే వచ్చే ఏడాది కూడా అలాగే ఉండాలా అన్న ప్రశ్న మిగులుతుంది. రెండో దారి, ఇంటి వెనక పాటియోలో, అంటే ఆరుబయట చప్టా మీద, వేరే బల్ల, వేరే గరిటెలు, వేరే పళ్లేలు. పలావ్ బయటినుంచి నేరుగా పాటియోకే వస్తుంది, మీ వంటింట్లోకి రాదు. అత్తయ్యగారు దీనికి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే. డాలస్‌లో జనవరి ఒక రోజు ఎండగా, ఇంకో రోజు గడ్డకట్టేలా ఉంటుంది. చలేస్తే పళ్లేలు పట్టుకుని అందరూ లోపలికే వస్తారు, అప్పుడు మీ ఏర్పాటంతా వృథా. మూడో దారి, శనివారం మీ ఇంట్లో కొలువు, భోగిపళ్లు, పప్పన్నం. ఆదివారం సాయంత్రం ఇంకొకరి ఇంట్లో కనుమ పేరుతో కోడి. వాళ్లెవరో దొరికితే ఇదే అన్నిటికంటే హాయి. మీ ఇంటి పరిస్థితి చూస్తే రెండోది నాకంత నచ్చలేదు. అత్తయ్యగారు ఆరు నెలలుంటారు, మీ స్నేహితులు సాయంత్రానికి వెళ్లిపోతారు.

ఉల్లి, వెల్లుల్లి లేని వంటకాలు ఆవిడకి ఎన్ని ఉండాలో కూడా అడిగి తెలుసుకోండి. మీరు చేసే పప్పు, పెరుగుతోపాటు పులిహోర, పులుసు, పొంగలి అలా చేయమంటే ఆవిడకి నిండు భోజనం. అన్నిటినీ ఉల్లి లేకుండా చేయమనక్కర్లేదు.

భోగిపళ్లు పదకొండున్నరకే పోసేయండి. రేగిపళ్లు దొరకకపోతే ఎండు క్రాన్‌బెర్రీలు, పూలరేకులు, చెరుకు ముక్కలు కలుపుతున్నారు, బాగానే ఉంటుంది. చిల్లర నాణేలు, శనగలు కింద పడగానే ఊడ్చేయించండి. ఆ గుంపులో పాకే పిల్లలూ ఉంటారు, దొరికింది నోట్లో పెట్టుకుంటారు.

అక్క విషయం. ఆవిడ జాబితా పాటించకపోవడానికి కారణం, జాబితా ఆవిడని ఏమీ అడగకపోవడమే. గుంపుకి మెసేజ్ పెట్టకముందు ఫోన్ చేయండి. ‘అక్కా, ఈసారి మా అత్తయ్యగారు కూడా ఉన్నారు. గుమ్మడికాయ పులుసు మీ చేత్తో చేస్తేనే బాగుంటుంది. ఒక్క చిన్న గిన్నె చాలు, ఉల్లి లేకుండా. ఇంకేం పెట్టుకోకండి, మీకు శ్రమ’ అనండి. ఆవిడ ఒప్పుకుంటారు. అయినా వచ్చేటప్పుడు చేతిలో ఇంకో ట్రే కూడా ఉంటుంది, అది ఖాయం. ఆ ట్రేని బల్ల మీద పెట్టకుండా ఆవిడ ఎదుటే, ‘ఇది సాయంత్రం టీకి దాస్తానక్కా’ అని లోపల పెట్టండి. టీ వేళకి తీయండి కూడా. మిగిలినవాళ్లకి రెండు వారాల ముందు ఒకే మెసేజ్, ఎవరి పేరు పక్కన ఏది, ఎంత, ఎన్నింటికి, జీడిపప్పు వద్దు అన్న నాలుగు ముక్కలు. ‘మార్చుకోవాలనుకుంటే మీలో మీరు మార్చుకోండి, నాకు చెప్పండి’ అని చివర్లో రాస్తే ఎవరినీ బలవంతపెట్టినట్టుండదు.

ఫ్రైడ్ రైస్ కుటుంబానికి మెసేజ్ కాదు, ఫోన్. దీపావళి రాత్రి సంగతి మీరు ఎత్తకపోతే వాళ్లు ఎత్తరు, ఇద్దరి మధ్యా అది ఊరికే పడుంటుంది. ‘ఆ రోజు ఆ మాట అనడం తప్పు. ట్రేలన్నీ నాలుగ్గంటలు బయటే ఉన్నాయి, ఎవరి వంటో ఎవరికి తెలుసు? ఈసారి అందుకే మధ్యాహ్నం పెట్టుకుంటున్నాం’ అనేయండి. ఆ మాట అన్నది మీరు కాకపోయినా సరే. తర్వాత వాళ్లకి ఏ పని ఇస్తారన్నది అంతకంటే ముఖ్యం. ప్లేట్లు ఇస్తే నిందని ఖాయం చేసినట్టే. చిరుతిండి ఇచ్చినా అంతే. పులిహోర వాళ్లకే ఇవ్వండి. మళ్లీ అన్నమే. అది బల్ల మీదకు వచ్చాక అందరి ముందూ మొదటి గరిటె మీ పిల్లల పళ్లెంలో వేయండి.